పన్నెండు పేర్లు

గూడెం కొత్తవీధిలో కాఫీ కోతలు మొదలైన రోజులు. గింజలు ఆరబెట్టే తన యార్డు ముందు స్కూటీ ఆపి లోపలికొచ్చిన అమ్మాయిని చూసి, కాఫీ పొడి కోసం వచ్చిందనుకున్నాడు ఫల్గుణ.

"అరకిలో ప్యాకెట్లు ఉన్నాయండి."

"ప్యాకెట్లు వద్దు, కూలీల రిజిస్టరు చూపించండి. నా పేరు బిందుమాధవి. లేబర్ ఆఫీసు నుంచి వచ్చాను."

ఒడిశా కూలీలను పెట్టుకునే రూల్స్ మారాయని చెప్పిందామె. పది మంది ఉంటే చాలు, ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. ఉండటానికి సరైన గది చూపించాలి.

"వీళ్ళు కూలీలు కాదండి. మా నాన్న కాలం నుంచీ ఇంటి మనుషులే."

"అలాగా. అక్కడ గింజలు ఆరబోస్తున్నామె పేరేటి?"

ఫల్గుణకు ఆ పేరు తెలియదు. ఆరేళ్ళుగా ఆమెను "ఓ అమ్మా" అనే పిలుస్తున్నాడు.

"పది రోజుల్లో మళ్ళీ వస్తాను," అని వెళ్ళిపోయింది బిందుమాధవి.

సంగతి విని తండ్రి కృష్ణమూర్తి తేలిక దారి చెప్పాడు. "పన్నెండు మందిలో ముగ్గుర్ని సూపించకురా. తొమ్మిదని రాసేస్తే ఏ గొడవా ఉండదు."

ఫల్గుణకూ అది సబబుగానే తోచింది. ఎవరిని వదిలెయ్యాలో చూద్దామని యార్డులోకి వెళ్ళి పేర్లు అడగసాగాడు. గింజలు ఆరబోసే ఆమె పేరు సుక్రి. కొరాపుట్ దగ్గర ఊరు. నిరుడు వారం రోజులు జ్వరంతో బస్తాల పక్కనే పడుకుందట. ఆ సంగతి అతనికి ఇప్పటిదాకా తెలియదు.

ముగ్గుర్ని తీసెయ్యడానికి వెళ్ళినవాడు పన్నెండు పేర్లూ రాసుకొచ్చాడు.

"మరి గదులెవులు కడతారు?" అన్నాడు తండ్రి.

"నేనే కట్టిస్తాను నాన్నా."

పదో రోజు బిందుమాధవి వానలో తడుస్తూ వచ్చింది. పత్రాలు చూసి, "తెలుగులో రాస్తే వాళ్ళకేం తెలుస్తుంది?" అంది.

"నాకు ఒడియా రాదండి."

"మాది సాలూరు. నాకొచ్చు."

రేకుల షెడ్డు కింద కూర్చుని ఆమె ఒక్కొక్కటే ఒడియాలో రాసి చదివి వినిపించింది. ఆ పెదవుల కదలిక చూస్తూ ఫల్గుణ వాన ఆగిన సంగతే గమనించలేదు. సుక్రి ఏదో అంది. అందరూ నవ్వారు. బిందుమాధవి తల దించుకుంది.

"ఏటందండి?"

"గదికి గడియ పెట్టించమంది."

"దానికి మీకు సిగ్గెందుకండి?"

ఆమె నవ్వు దాచుకుంటూ పత్రాలు సర్దింది.

గదులు లేస్తున్నన్నాళ్ళూ అతను రోజుకో సందేహంతో ఫోన్ చేశాడు. కిటికీ ఎంత ఎత్తుండాలి, సున్నం ఏ రంగుండాలి.

"రంగు రూల్స్‌లో లేదండి," అనేది ఆమె, కానీ ఫోన్ పెట్టేసేది కాదు.

చివరి తనిఖీకి మాత్రం యర్రయ్య అనే పెద్దాయన వచ్చాడు. "మీ ఫైలు మేడమ్ నాకిచ్చేసిందండి," అన్నాడు.

ఫల్గుణ మర్నాడు పొద్దున్నే పాడేరు బస్సెక్కాడు. ఆఫీసు మెట్ల మీదే ఎదురైంది బిందుమాధవి.

"నా వల్ల ఏదైనా తప్పు జరిగిందాండి?"

"లేదు. ఇష్టమున్న మనిషి దగ్గర తనిఖీ చెయ్యకూడదు. అందుకే ఇచ్చేశాను."

ఫల్గుణ ఒక మెట్టు పైకెక్కాడు.

"మా నాన్నను తీసుకుని ఆదివారం సాలూరు రానా?"

"శనివారమే రండి," అంది ఆమె మెల్లగా. "మా నాన్నకి ఆరోజూ సెలవే."