వాపు లేని రక్తం

ఆసుపత్రి సిస్టర్ డిటెక్టివ్ ఇంటి గుమ్మంలోనే నిలబడిపోయింది. తెల్లకోటు మీద శాలువా కప్పుకుని, వీధివైపు ఒకటికి రెండుసార్లు చూసి, వెనకాల ఎవరూ రావడం లేదని నమ్మకం కుదిరాకే చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే దాని అంచున కూర్చుంది. డిటెక్టివ్‌ బావమరిది ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. బావ దగ్గర సహాయకుడిగా చేరినప్పటి నుంచి ఆ కుర్చీలో ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాడు గానీ, ఆమె గ్లాసు పట్టుకుని కూడా గుమ్మం వైపే చూస్తుంటే అతనికి జాలికన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇంకా తెలియదు.

"నేను మనిషిని చంపానంటున్నారు సార్. సాయంత్రం ఇన్‌స్పెక్టర్ వస్తాడట, నన్ను అప్పగిస్తారట" అందామె.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఊళ్లో వైరస్ జ్వరం ఇంటింటికీ తిరుగుతోంది. జలుబులా మొదలై ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది. ఆమె పనిచేసే ఆసుపత్రి, అందులోని ల్యాబు రెండూ పెద్ద డాక్టరువే. ఆ డాక్టరుకే జ్వరం తగిలి ఇంట్లో మంచం పట్టాడు. పడుతూ పడుతూ సిస్టర్‌కు ఒక నియమం పెట్టాడు. వచ్చిన ప్రతి రోగికీ రక్తం తీసి సీఆర్పీ, ఈఎస్ఆర్ చూడాలి. ఒంటి లోపల వాపు ఎంత రాజుకుందో చెప్పే పరీక్షలవి. ఊపిరి ఇంకా బాగానే ఆడుతుండగానే రక్తం ముందుగా చెప్పేస్తుంది. అంకె ఎక్కువ వస్తే ఆసుపత్రిలో ఉంచి తనకు ఫోన్ చెయ్యాలి, తక్కువ వస్తే మాత్రలిచ్చి ఇంటికి పంపాలి. జ్వరంతో వచ్చిన ఒక దర్జీకి తక్కువ వచ్చింది. ఆమె ఇంటికి పంపింది. ఇంట్లో ఊపిరాడక అతను పోయాడు. ఇప్పుడు డాక్టరు కోలుకుని వచ్చి, అదే రోజు పక్కమంచం మీదున్న ఒక బడి మాస్టారి రక్తాన్నీ దర్జీ రక్తాన్నీ ఆమె తారుమారు చేసిందని తేల్చేశాడు.

డిటెక్టివ్ కళ్లు మూసుకుని వింటున్నాడు. నిద్రపోయాడేమోనని కక్షిదారులు కంగారుపడటం ఆ ఇంట్లో మామూలే.

"మార్చారా అమ్మా?"

"లేదు సార్. గొట్టం మీద పేరు అంటించాకే పక్క మంచం దగ్గరికి వెళ్తాను. కానీ పదిమందీ అంటుంటే నా మీద నాకే అనుమానం వస్తోంది."

"మరి ఆ మాస్టారికి ఎంత వచ్చింది?"

"ఆయనకీ తక్కువే."

ఈమధ్య ఎవరికైనా ఎక్కువ వచ్చిందా అని డిటెక్టివ్ అడిగాడు. ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. జ్వరం మొదలైన కొత్తలో చాలామందికి వచ్చేదనీ, డాక్టరు మంచం పట్టడానికి కాస్త ముందు నుంచి ఎవరికీ రావడం లేదనీ, రోగం మెత్తబడిందని అందరూ సంతోషించారనీ చెప్పింది. అప్పుడు డిటెక్టివ్ కళ్లు తెరిచాడు.

"ఇంటికి పంపినవాళ్లందరికీ ఇప్పుడే ఫోన్లు చెయ్యండి. మీకు ఎదురుగా ఉన్న ఇంకో ఆసుపత్రికి వెళ్లి రక్తం మళ్లీ చూపించుకోమనండి. మీ సంగతి తర్వాత చూద్దాం, ముందు వాళ్ల ఊపిరి చూడాలి" అన్నాడు.

బావా బావమరుదులు దర్జీ ఇంటికి వెళ్లేసరికి కుట్టుమిషన్ సూది కింద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది. అతని భార్య దాన్ని తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు. సిస్టర్ పేరెత్తగానే ఆమె మొహం ఎర్రబడింది. ఆ సిస్టర్ చేతులు పడిపోవాలని శపించింది. డిటెక్టివ్ అడ్డుపడకుండా అంతా విని, రిపోర్టు ఎప్పుడిచ్చారని మాత్రం అడిగాడు.

"ఎంతసేపు బాబూ! రక్తం తీశాక ఎదురు కొట్టుకెళ్లి ఆయనకి టీ తెచ్చాను. ఆయన ఊదుకుంటూ తాగుతుండగానే ల్యాబు కిటికీలోంచి పిలిచి ఇచ్చేశారు. ఇంత బాగా చూస్తున్నారే అనుకున్నాం."

అక్కణ్నుంచి ల్యాబుకు వెళ్లారు. టెక్నీషియన్ పొడుగ్గా, పీలగా ఉన్నాడు. ఎవరూ ఏమీ అనకముందే, తను రిపోర్టులు రాసేవాడే గానీ రక్తం తీసేవాడు కాదని చెప్పుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని బావమరిది మనసులో అనుకున్నాడు. సీఆర్పీ మిషన్‌కు పువ్వుల గుడ్డ కప్పి ఉంది. ఈఎస్ఆర్ గాజుగొట్టాలు స్టాండులో నిలబడి ఉన్నాయి. డిటెక్టివ్ ఆ స్టాండు మీద వేలితో రాసి, అంటుకున్న దుమ్మును రుమాలుకు తుడుచుకున్నాడు. ఆ పరీక్ష ఎలా చేస్తారని అడిగితే, రక్తాన్ని గొట్టంలో గంటసేపు కదపకుండా నిలబెట్టి, ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో చూస్తామని అతను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

పెద్ద డాక్టరు మాత్రం మర్యాదస్తుడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. వాళ్లను కూర్చోబెట్టి దర్జీ గురించి చాలా బాధపడ్డాడు.

"నాకూ వచ్చిందండీ ఈ జ్వరం. సీఆర్పీ చూసుకుంటే ఆకాశంలో ఉంది. వెంటనే మందు మొదలుపెట్టాను కాబట్టి మీ ముందు ఇలా కూర్చున్నాను. ఆ సిస్టర్ జాగ్రత్తగా ఉండుంటే అతనూ బతికేవాడు."

వీధిలోకి రాగానే బావమరిది తన తీర్పు చెప్పేశాడు. తప్పంతా ఆ పొడుగువాడిదే, డాక్టరు దేవుడిలాంటి మనిషి అన్నాడు.

"బావమరిది బావ బతుకు కోరతాడంటారు. నువ్వు డాక్టరు బతుకు కోరుతున్నావేంట్రా? ఎదుటి ఆసుపత్రి ల్యాబుకెళ్లి ఒక్క ప్రశ్న అడిగి రా" అని డిటెక్టివ్ అతని చెవిలో ఏదో చెప్పాడు.

అతను వెళ్లి అడిగాడు. జవాబు విన్నాక రోడ్డు దాటుతుంటే ఎదురొచ్చే బండ్లు కూడా కనిపించలేదు. దేవుడన్న నోటిని కడుక్కోవాలనిపించింది.

సాయంత్రం అందరూ ఆసుపత్రి హాల్లో చేరారు. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో, దర్జీ భార్య బెంచీ మీద ఉన్నారు. ఆమె పక్కన మాస్టారు దగ్గుకుంటూ కూర్చున్నాడు. టెక్నీషియన్ తలుపు దగ్గర, సిస్టర్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. డాక్టరు తన గదిలోంచి కుర్చీ తెప్పించుకున్నాడు.

"రక్తాలు తారుమారయ్యాయంటున్నారు. అదే నిజమైతే దర్జీ వాపు మాస్టారి రిపోర్టులో కనిపించాలి. మాస్టారికీ వాపు లేదు. ఒకళ్ల సొమ్ము ఇంకొకళ్ల ఇంటికి చేరకుండా మాయమైతే దాన్ని తారుమారు అనరు" అన్నాడు డిటెక్టివ్.

డాక్టరు ఏదో అనబోతే ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

ఆ తర్వాత డిటెక్టివ్ టెక్నీషియన్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు గానీ, బావ చెవి వెనక నరం పొంగడం బావమరిదికి కనిపించింది. గొట్టంలో గంటసేపు నిలబడాల్సిన రక్తానికి, మనిషి టీ తాగి ముగించేలోపు ఫలితం ఎలా వచ్చిందని అడిగాడు. కిటికీ దగ్గర జనం తోసుకుంటుంటే, గంట ఆగినట్టు నటించడానికి కూడా అతనికి ఓపిక లేకపోయింది. దుమ్ము పట్టిన స్టాండు, గుడ్డ కప్పిన మిషన్, ఎవరికీ వాపు రాని ఊరు. ఆ ల్యాబులో ఈమధ్య ఒక్క రక్తాన్నీ పరీక్షించలేదు. అంకెలు నోటికొచ్చినట్టు వేసి ఇచ్చారు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. తను జ్వరంతో పడి ఉంటే వెనకాల ఇంత ఘోరం జరిగిందా అంటూ టెక్నీషియన్ మీదికి చెయ్యి ఎత్తాడు.

"కూర్చోండి. మీ ల్యాబులో ఎవరి రక్తానికీ వాపు రాలేదు కదా. మీ సీఆర్పీ ఆకాశంలో ఉందన్నారే, ఆ ఆకాశం ఏ ల్యాబులో ఉంది?" అన్నాడు డిటెక్టివ్.

డాక్టరు కూర్చోలేదు. బావమరిదే జవాబు చెప్పాడు. డాక్టరుగారి రక్తం వచ్చిందా అని ఎదుటి ల్యాబులో అడిగితే, ఆయన భార్య స్వయంగా తెచ్చి ఇచ్చిందని చెప్పారు. సొంత ల్యాబు పక్కనే పెట్టుకుని, రోడ్డు దాటించి మరీ పంపించారు.

"మిషన్ పాడైంది సార్" అని టెక్నీషియన్ ఏడుపందుకున్నాడు. "ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే అనుమానం వస్తుందని, బాగయ్యేదాకా రెండు పరీక్షలకీ తక్కువే వేసి ఇచ్చెయ్యమన్నారు డాక్టరుగారు. మిషన్ లేదని తెలిస్తే జనమంతా ఎదుటికి పోతారన్నారు."

"వాపు చూసి బలుపనుకునే అమాయకులుంటారు. ఇతను వాపే లేదని రాయించాడు" అన్నాడు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌తో. "తన రక్తానికి మాత్రం నిజం కావాలి. అబద్ధపు అంకెలు చూసి మనుషుల్ని ఇంటికి పంపమని ఈ అమ్మాయికి నియమం పెట్టాడు. ఆ నియమం ప్రాణం తీస్తే ఈమె మెడకే చుట్టాడు. కంచే చేను మేసింది. పైగా కాపలా కుక్కని దొంగంది."

పొద్దున సిస్టర్ ఫోన్ చేసినవాళ్లలో ఒక ముసలమ్మకు, ఇంకొక బండి మెకానిక్‌కు వాపు విపరీతంగా ఉందని తేలింది. వాళ్లిద్దరికీ ఎదుటి ఆసుపత్రిలో మందు మొదలైంది. ఆ మాట విన్న మాస్టారు దగ్గు ఆపుకుని, నా రక్తం కూడా ఎవరన్నా చూస్తారా అని దీనంగా అడిగాడు.

దర్జీ భార్య లేచి టెక్నీషియన్ దగ్గరికి వెళ్లింది.

"మా ఆయన రక్తం ఏం చేశావు?"

అతను తల దించుకున్నాడు. "సింకులో పోసేశానమ్మా."

ఆమె అతన్ని కొడుతుందనుకున్నారు. కొట్టలేదు. బావమరిది పిడికిళ్లు మాత్రం వాటంతటవే బిగుసుకున్నాయి. డిటెక్టివ్ అతని భుజం మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ డాక్టరును బయటికి నడవమన్నాడు. పరువుగల మనిషిననీ, వెనక గుమ్మం నుంచి తీసుకెళ్లమనీ డాక్టరు బతిమాలాడు. ముందు గుమ్మంలోంచే తీసుకెళ్లారు.

తన మీది నింద తొలగిపోయినా సిస్టర్ మొహం తేటపడలేదు. గోడ దగ్గరినుంచి కదలకుండా, దర్జీ భార్యను చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"ఆయనకి నరం దొరకలేదక్కా. రెండుసార్లు పొడిచాను. ఏమనుకోకండి అన్నాను. పర్లేదమ్మా, నా మంచికే కదా అన్నాడు."

దర్జీ భార్య గోడ దగ్గరికి వెళ్లింది. పొద్దున తను పడిపోవాలని శపించిన ఆ చేతుల్ని దగ్గరికి తీసుకుని, మొహానికి ఆనించుకుని ఏడ్చింది.