తేటబడ్డ నీళ్ళు

పెంచలప్రసాద్‌కు మూత్రంలో రక్తం పడిందని తెలిసినప్పటి నుంచి భార్య కామాక్షి కంటికి కునుకు లేదు... అత్త ఆదిశేషమ్మకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు! మైపాడు దగ్గర రొయ్యల గుంటల మీద ఎండలో తిరిగే మగవాడికి వేడి చేయదా అంటూ కొడుకుకు బార్లీ నీళ్ళు కాచి పోసింది. తగ్గింది కూడా! నొప్పి లేదు, జ్వరం లేదు, మూత్రం తేటగా వచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

స్కాను తీయించుకుందాం రమ్మని కామాక్షి బతిమాలింది. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి అయ్యాక చూద్దాంలే అన్నాడతను. లేని రోగాన్ని పిలిచి పీట వేస్తున్నావని అత్త కస్సుమంది. మొగుడు బాగుండాలనుకోవడం కూడా తప్పేనా... కామాక్షి కుమిలికుమిలి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, నేరుగా గుంట గట్టుకు వెళ్ళింది. అక్కడ ప్రసాద్ నాలుగు రొయ్యల్ని నీళ్ళసంచిలో వేస్తున్నాడు, ల్యాబుకు పంపడానికి. నిన్న మేత వదిలేశాయట.

"ఈరోజు బాగానే తినినాయి కదా?" అంది కామాక్షి.

"ఒకపూట వదిలినాయంటే లోపల ఏదో ఉన్నట్టే. నీళ్ళు తేటగా ఉండాయని నమ్మితే గుంటలో పంటంతా పోతాది."

"ఆ రొయ్యకున్న విలువ నా పసుపుకుంకాలకు లేదా? మీ నీళ్ళు తేటబడినాయని నన్నెట్లా నమ్మమంటారు?"

ప్రసాద్ సంచి మూతి కట్టి పక్కన పెట్టాడు. ఆ పూటే స్కానుకు నెల్లూరు బయల్దేరాడు.

ఎడమ కిడ్నీలో గడ్డ! ఆపరేషన్ చేసి కిడ్నీ తీసేశారు. కిడ్నీ క్యాన్సర్లు కొన్ని రకాలనీ, ఇది ఎక్కువమందికి వచ్చే క్లియర్ సెల్ అనే రకమనీ గడ్డను పరీక్షించాక డాక్టరమ్మ చెప్పింది. మొదట్లో చాలామందికి నొప్పే ఉండదట. రక్తం ఒకసారి పడి దానంతటదే ఆగిపోవచ్చట, గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుందట. నడుం పక్క నొప్పి, చేతికి తగిలే గడ్డ, ఒళ్ళు తగ్గడం కనిపించేసరికి తరచూ ఆలస్యమైపోతుందట. ఇది కిడ్నీ దాటకముందే దొరికింది!

ఆదిశేషమ్మ కోడలి చేతులు పట్టుకుని భోరుమంది. "బార్లీ పోసి బిడ్డను పోగొట్టుకునేదాన్ని తల్లీ..."

పట్టుబడి నాడు ప్రసాద్ గట్టున గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఇంట తొలి గంపకు పసుపు పూసేది ఎప్పుడూ ఆదిశేషమ్మే. ఈసారి పసుపు గిన్నె కోడలి చేతిలో పెట్టింది. పక్క గుంట అంకాలమ్మ దగ్గరకొచ్చి, తన మొగుడికీ మొన్న ఎర్రగా పడిందనీ, బార్లీ నీళ్ళకు తగ్గిందనీ మెల్లగా చెప్పింది.

ఆదిశేషమ్మ గయ్యిమంది. "తగ్గితే మాత్రం? ముందు స్కానుకు తీసకపో. తోడుకు మా కోడలొస్తాది."

పసుపు చేతులతోనే కామాక్షి నవ్వేసింది.