ఒక చిల్లు తక్కువ

1957 జనవరి 21, సోమవారం. ఉదయం పదిన్నరకు పత్తర్‌గట్టీలోని గుల్‌నార్ సారీ హౌస్‌లో గోదా అప్రెంటిస్‌గా చేరింది. అంతకు తొమ్మిది రోజుల ముందు, ఆ దుకాణంలోనే పనిచేసిన అప్రెంటిస్ రఘునాథ్ శవం మూసీలో దొరికింది. చొక్కా జేబులో మడిచిన ట్రేసింగ్ పేపరు ఉంది. దాని మీద సూదితో గుచ్చిన తీగ, పూలు. గుచ్చింది రఘునాథే. అతను ఇంటెలిజెన్స్ మనిషి.

గోదాకు ఇరవై రెండేళ్లు. ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో కమర్షియల్ ఆర్ట్, మూడో సంవత్సరం. తండ్రి రామానుజం శాలిబండలో ఒక గుడిలో అర్చకుడు. ఎవరి చేతిరాత అయినా ఒకసారి చూస్తే ఆమె అలాగే రాయగలదు. ఈ సంగతి మొదట కనిపెట్టింది ఆమె ప్రిన్సిపాల్, తాను పెట్టని సంతకం ఒక సెలవు చీటీ మీద చూసి. తర్వాత ఆ చీటీ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ సుబ్రహ్మణ్యం ఫైల్లోకి వెళ్లింది.

బ్రీఫింగ్ శనివారం జరిగింది. సుబ్రహ్మణ్యం బల్ల మీద ఒక గుచ్చిన కాగితం పరిచాడు. దాన్ని ఖాకా అంటారని చెప్పాడు. చీర అంచు డిజైన్ ట్రేసింగ్ పేపరు మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు గుచ్చుతారు. కాగితాన్ని బట్ట మీద పెట్టి కిరసనాయిల్లో కలిపిన సుద్దపొడి రుద్దితే డిజైన్ చుక్కలుగా దిగుతుంది. ఆ చుక్కల మీద జరీ కుడతారు. గుల్‌నార్ నుంచి రోజూ ఇలాంటి కాగితాలు చీరలతో కలిసి కుట్టేవాళ్ల ఇళ్లకు వెళ్తాయి. ఒక విదేశీ ముఠా ఈ దారినే వాడుకుంటోంది. ముఠా పంపే ఖాకాలో తీగ ఒంపులు రూటు. మొగ్గ ఉన్నది చోటు. ఆకులు ఎన్ని ఉంటే అన్ని గంటలు. కాగితం కిషన్‌బాగ్‌లో ఒక ఇంటికి చేరుతుంది. అక్కడ ముగ్గురు మనుషులు ఉన్నారు.

టార్గెట్ మార్చి 16న కాచిగూడ నుంచి దక్షిణానికి వెళ్లే మిలిటరీ స్పెషల్. అందులో 212 మంది జవాన్లు. ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది ఆ రోజే ఖాకాలో వస్తుంది. ట్రైను రద్దు చేస్తే ముఠా మాయమవుతుంది. పేలుడు సామాను ఎక్కడ దాచారో తెలియదు. ఆ ముగ్గురూ సామానుతో సహా దొరకాలి.

"అబద్ధం ఖాకా పంపాలి," అన్నాడు సుబ్రహ్మణ్యం. "కానీ వాళ్లు ఆగమ్మ గుచ్చిన కాగితాన్నే నమ్ముతారు. టెలిగ్రాఫ్ ఆపరేటర్‌ని కొట్టే తీరును బట్టి గుర్తుపట్టినట్టు. రఘునాథ్ రెండు నెలలు ఆమె దగ్గర నేర్చుకున్నాడు. అతను గుచ్చింది పది నిమిషాల్లో పట్టేశారు."

"ఎక్కడ తప్పాడు సార్?"

"తెలీదు. నువ్వు కనుక్కో."

ఆగమ్మ తాను గుచ్చేది ఏమిటో ఎరగదని ఫైల్లో ఉంది. గోదాకు ఒక కుంకుమ భరిణె ఇచ్చారు. కుంకుమ అడుగున లెన్సు. దుకాణంలో ఇంకొక మనిషి తమవైపు ఉందని చెప్పారు. పేరు రంగనాయకి.

రంగనాయకి గుల్‌నార్ డిజైనర్. బొంబాయిలో ఆరేళ్లు ఉండి వచ్చింది. గదిలో కూడా నల్లద్దాలు తీయదు. మోరిస్ కారు తానే నడుపుతుంది. ఆమె ముఠాకు ఖాకాలు గీసిస్తుంది, ఏం గీసిందో ఇంటెలిజెన్స్‌కు చెబుతుంది. ఆమె అసలు తమ మనిషేనని రెండు వైపులా నమ్మకం. ముఠా నాయకుడు క్లెమెంట్ అనే విదేశీయుడు. చీరల కొనుగోలుదారుగా దుకాణం మేడ మీద ఒక గది తీసుకున్నాడు.

మొదటి వారం గోదా లేబుళ్లు గీసింది. గుల్‌నార్ పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. తర్వాత షో విండోకు కార్డులు. రెండో రోజే సొంతంగా ఒక అంచు గీసి రంగనాయకికి చూపించింది. బొంబాయిలో ఇది నడవదని చెప్పి ఆమె పక్కన పడేసింది. వెనక గదిలో నేల మీద కూర్చున్న ఆగమ్మ ఆ కాగితం తీసుకుని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇవి ఆకులా, అప్పడాలా బిడ్డా?"

సద్దిగిన్నె కిందికి పనికొస్తుందని దాన్ని తన చాప కింద పెట్టుకుంది.

ఆగమ్మకు నలభై ఆరేళ్లు. ఇల్లు ఉప్పుగూడలో. భర్త అంజన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి మూడేళ్ల క్రితం చనిపోయాడు. ఇరవై ఏళ్లుగా ఆమె పని ఒకటే. కాగితం కింద మడిచిన కంబళి, చేతిలో కర్రపిడి బిగించిన సూది. గోదాను పక్కన కూర్చోబెట్టుకుని, సూది నిలువుగా పట్టడం, ఒంపు దగ్గర చిల్లులు దగ్గర చేయడం, తిన్నని గీతలో దూరం చేయడం నేర్పింది. గోదా ఒంపు దగ్గర తొందరపడితే వేళ్ల మీద సూదిపిడితో కొట్టేది.

మొదట్లో ఆగమ్మ తన సద్ది అటు తిరిగి తినేది. నాలుగో రోజు గోదా చెయ్యి చాపి జొన్నరొట్టె ముక్క తుంచుకుంది.

"అయ్యగారి బిడ్డవు. మీ నాయినకు ఎర్కైతే?"

"నువ్వు చెప్తవా అక్కా?"

"నాకేం పని."

అప్పటినుంచి రొట్టెలు నాలుగు వచ్చేవి.

ఫిబ్రవరి నెలాఖరుకు గోదా చెయ్యి మారింది. లెన్సు కింద పెడితే ఎడం అదే, లోతు అదే, సూది వాలు అదే. సుబ్రహ్మణ్యం రెండు కాగితాలు ల్యాబ్‌కు పంపాడు. ఏది ఎవరిదో ల్యాబ్ చెప్పలేకపోయింది. రఘునాథ్‌వి కూడా చెప్పలేకపోయిందని గోదా ఫైల్లో చదివింది.

మార్చి 14, గురువారం మధ్యాహ్నం. గోదా గుచ్చిన కాపీ ఒకటి ఆగమ్మ చేతికి చిక్కింది. ఆమె దాన్నీ, తాను గుచ్చినదాన్నీ కిటికీకి ఆనించి చూసింది. చాలాసేపు చూసింది.

"గీ పొక్క ఎందుకు పెట్టినవ్?"

వేలు మొదటి పువ్వు మీద ఉంది. పువ్వు గీత మొదలైన చోటికే తిరిగి వస్తుంది. ఆగమ్మ కాగితంలో ఆ రెండు కొసలు కలిసే చోట ఒక చిల్లు లేదు. గోదా ఆ ఖాళీని వారాల క్రితమే లెన్సులో చూసింది. పొరపాటు అనుకుంది. తన కాపీలన్నిటిలో దాన్ని సరిచేసింది.

"ఇడిశిపోయిందనుకున్న అక్కా."

"ఇరవై ఏండ్ల సంది రోజూ ఇడిశిపోతదా?" ఆగమ్మ కాగితాలు కింద పెట్టింది. "మా అమ్మ చెప్పింది. మొదటి పువ్వు మూయొద్దు. ఒక్క పొక్క ఉంచితే రేపు మళ్ల పని ఉంటది. మూస్తే చెయ్యి ఆడికి అయిపోయినట్టే. నేను ఇంతవరకు మూయలే."

తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ పిలగాడు గూడ గిట్లనే మూసిండు. చూసిన. చెప్పలే. నా ఇంటి గుట్టు వానికెందుకని ఊకున్న. సచ్చిండు."

గూఢచారి అని బయటపడితే ఆ చోటు వెంటనే వదలాలి. అది రూలు. గోదా లేచింది.

"యాడికి పోతవ్? కూసో." ఆగమ్మ పక్కనున్న డిజైన్ ముందుకు లాగింది. రంగనాయకి నెల క్రితం గీసిచ్చినది. "ఏ తీగ గిట్ల పెరుగుతదని శాన రోజులు చూసిన. పోయిన వారం సమజైంది. నా మొగుడు పదహారేండ్లు దీని మీదనే నడిచిండు. నేను సద్ది పట్టుకొని పోయేదాన్ని. ఫలక్‌నుమా దాటినంక గిట్లనే ఒంపు తిరుగుతది. గిది రైలుపట్టా. ఏం చేస్తున్నరు దీంతోని?"

గోదా చెప్పింది. ట్రైను సంగతి, జవాన్ల సంఖ్య, తన పని. చెప్పకూడనిదంతా చెప్పింది. చివరికి, తన కాగితంలోనూ ఆ చిల్లు వదిలి ఆగమ్మ గుర్తు పెడితే ఏమవుతుందో కూడా చెప్పింది.

"నీ చెయ్యి గుర్తుతోని తప్పు కాగితం పోతే వాళ్లు నిన్ను అడుగుతరు అక్కా."

"నీ చెయ్యితోని పోతే నిన్ను అడుగుతరు," అంది ఆగమ్మ. "సచ్చినోడు ఒకడు సాలు."

ఆ సాయంత్రం ఐదున్నరకు గోదా రిపోర్టు ఇచ్చింది. చిల్లు సంగతి రాసింది. ఆగమ్మను పని కాగానే అక్కడినుంచి తప్పించాలని రాసింది. సుబ్రహ్మణ్యం చదివి, తల ఊపి, శనివారం సాయంత్రం ఐదు గంటలకు దుకాణం వెనక సందులో జీపు ఉంటుందన్నాడు. గోదా మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ అదే చెప్పాడు.

మార్చి 16, శనివారం. పదకొండింటికి క్లెమెంట్ రంగనాయకిని మేడ మీదికి పిలిచాడు. పదకొండూ ముప్పావుకు ఆమె డిజైన్ తెచ్చి ఆగమ్మ ముందు పెట్టింది. వెళ్తూ ఇంకొక కాపీ గోదా డ్రాయరులో వేసింది. మొగ్గ ఫలక్‌నుమా అవతల పట్టా కింది రెండో కల్వర్టు దగ్గర. ఆకులు ఆరు.

గోదా తన కాగితం మీద మొగ్గను ఐదో కల్వర్టు దగ్గరికి జరిపింది. అక్కడ తుమ్మ పొదలున్నాయి, పోలీసులు దాక్కోవచ్చు. ఆకులు ఏడు గీసింది. ట్రైను వచ్చేసరికి వాళ్లు ఇంకా సిద్ధంగా ఉండరు. ఇద్దరూ ఒకే కంబళి మీద, ఒకరి పక్కన ఒకరు గుచ్చారు. ఒంటిగంటన్నరకు గోదా మొదటి పువ్వు దగ్గర సూది ఎత్తి ఆపింది. ఆగమ్మ వంగి చూసి తల ఊపింది. ఆగమ్మ గుచ్చిన అసలు కాగితం గోదా జాకెట్టులోకి వెళ్లింది. గోదా గుచ్చినది చీరల మూటలోకి వెళ్లింది. రెండింటికి గుమాస్తా మూట రిక్షాలో వేసుకుని కిషన్‌బాగ్ బయలుదేరాడు.

రెండూ యాభైకి, ఎదురింటి నుంచి చూస్తున్న పోలీసు రాసుకున్నదాని ప్రకారం, ఒక మనిషి కిటికీ దగ్గర కాగితం వెలుతురుకు ఎత్తి పట్టాడు. లెన్సు వాడాడు. పాత కాగితం ఒకటి పక్కన పెట్టి పోల్చాడు. రఘునాథ్ కాగితానికి పది నిమిషాలు పట్టింది. దీనికి నాలుగు. తర్వాత ముగ్గురూ సైకిళ్లు బయటికి తీశారు.

మూడింటికి దుకాణంలో ఫోను మోగింది. గోదా ఎత్తింది. చమ్కీ రంగు సరిపోయిందని అవతలి గొంతు చెప్పింది. అది కోడ్. కాగితాన్ని నమ్మారు. నాలుగున్నరకల్లా గోదా ఆఫీసులో ఉండాలన్నది రెండో మాట.

వెళ్లే ముందు గోదా వెనక గదికి వచ్చింది.

"ఐదు గంటలకు ఎనక సందులకు జీపొస్తది. ఎక్కి కూసో. ఎవ్వరేం అడిగినా చెప్పకు."

"రాకపోతే?"

"వస్తది అక్కా."

"సరే తియ్యి. పో, ఆల్చమైతది."

గోదా వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే ఆగమ్మ చాప ఎత్తి కింద ఏదో వెతుకుతోంది.

ఐదూ ఇరవైకి ముగ్గురూ ఫలక్‌నుమా దగ్గర ఒక పాడుబడిన కొట్టంలో నుంచి రెండు సంచులు తీశారు. ఆరింటికి ఐదో కల్వర్టు కింద ఉన్నారు. ఆరూ ఐదుకు స్పెషల్ ట్రైను రెండో కల్వర్టు దాటింది. కూత విని ముగ్గురూ తలలెత్తారు. గంట ముందే వస్తోంది. ఒకడు బ్యాటరీకి ఒక వైరు బిగించాడు. రెండోది చేతిలో ఉండగా పొదల్లో ఉన్న పోలీసులు అతని మీద పడ్డారు. అప్పుడు సమయం ఆరూ పదకొండు. ఆరూ పద్నాలుగుకు ట్రైను ఐదో కల్వర్టు దాటింది. కిటికీలోంచి ఒక జవాను చెయ్యి ఊపాడని ఎస్సై రిపోర్టులో ఉంది.

ఆ సమయంలో గుల్‌నార్ మిద్దె మీద క్లెమెంట్ గడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పేలుడు వినపడలేదు. ఆరూ ఇరవైకి కిందికి దిగాడు.

జీపు వెనక సందులోకి ఆరూ ముప్పైకి వచ్చింది. వెనక గదిలో ఆగమ్మ గోడకు ఆనుకుని చాప మీద ఉంది. గుండెలో ఒక తూటా. ముందువైపు పత్తర్‌గట్టీ రోడ్డు మీద పెళ్లి బ్యాండు పోతోంది. శబ్దం విన్నామని ఎవరూ చెప్పలేదు.

ఏడున్నరకు సుబ్రహ్మణ్యం గోదాకు మొదట ట్రైను సంగతి చెప్పాడు. తర్వాత ఈ సంగతి చెప్పాడు.

"జీపు ఐదింటికన్నరు సార్."

"ఐదుకు ఆగమ్మ కనపడకపోతే ఐదుంపావుకు క్లెమెంట్ మనిషిని పంపి ఆ ముగ్గురినీ వెనక్కి పిలిపించేవాడు. ట్రైను ఇవాళ దాటేది, వాళ్లు వచ్చే నెల ఇంకోటి చూసుకునేవాళ్లు."

"ఈ సంగతి మీకు ఎప్పటినుంచి తెల్సు?"

"గురువారం నుంచి."

గురువారం ఐదున్నరకు రిపోర్టు ఇచ్చింది గోదా. సుబ్రహ్మణ్యం మిగతాది కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాడు.

"ఎవరు మోసం చేశారని క్లెమెంట్ రంగనాయకిని అడుగుతాడని తెలుసు. ఆమె నీ పేరు చెప్పొచ్చు, ఆగమ్మ పేరు చెప్పొచ్చు. ఏ పేరు చెప్పాలో మేం చెప్పాం. ఇప్పుడు వాడు ఆమెను పూర్తిగా నమ్ముతున్నాడు. ఇద్దరూ ఏడూ పదికి బేగంపేటలో బొంబాయి విమానం ఎక్కారు. అసలు ముఠా అక్కడుంది."

గోదా కుంకుమ భరిణె బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సోమవారం ఆర్ట్ స్కూల్‌కు వెళ్లింది. అప్రెంటిస్‌షిప్ పూర్తయినట్టు గుల్‌నార్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఆమె పని సంతృప్తికరం అని ఉంది.

వెనక గదిలో స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో ఏడోది ఒక ట్రేసింగ్ పేపరు. ఆగమ్మ ఒడిలో దొరికింది. చీర అంచు డిజైన్, గీసింది అప్రెంటిస్ గోదా, తేదీ జనవరి 22. మూలన సద్దిగిన్నె మరక. అందులో సందేశం ఏదైనా ఉందేమోనని ల్యాబ్‌కు పంపారు. మార్చి 25న రిపోర్టు వచ్చింది. కోడ్ లేదు. ఆమె సూదికి ఈ కాగితం పీచు అంటి ఉంది; గుచ్చింది ఆగమ్మ, చనిపోయిన రోజే. ఆకులకు గోదా గీసిన గీత వెంటే సూది వెళ్లింది, ఎక్కడా సవరించలేదు. చిల్లులు 1,148. మొదటి పువ్వు మూసి ఉంది.