ఐదు రోజుల వజ్రాలు

శుక్రవారం ఉదయం ఆరున్నరకే శేషారత్నం తలస్నానం చేసి, దేవుడి గదిలో దీపం పెట్టి, అక్కడున్న చిన్న అద్దంలో చెవులు చూసుకుంది. కుడి చెవి చూసుకుంది, ఎడమ చెవి చూసుకుంది, మళ్ళీ కుడి చెవికి వచ్చింది. అంతసేపూ దేవుడు ఓపిగ్గా ఆగాడు పాపం. ఒక్కో దుద్దుకి ఏడేసి వజ్రాలు, నడుమ ఒకటి, చుట్టూ ఆరు. బ్లూజాగర్ అనే మేలిరకం రాళ్ళు కావడంతో కిటికీ వెలుతురుకే నీలంగా మెరుస్తున్నాయి. అరవై ఒక్కేళ్ళ వయసులో ఈ సోకేమిటని ఎవరైనా నవ్వుతారేమోనని సిగ్గుపడింది గానీ, అద్దం ముందునుంచి మాత్రం కదల్లేదు.

ఆ దుద్దులు ఇంకా ఆవిడవి కావు. వజ్రాలు కొనడం చీర కొన్నట్టు కాదు కదా! డబ్బివ్వకముందే ఇంటికి తెచ్చుకుని ఐదు రోజులు పెట్టుకోవాలి. ఆ ఐదు రోజులూ ఇంట్లో అందరూ చల్లగా ఉంటే రాళ్ళు పడ్డట్టు. ఏదైనా కీడు జరిగిందా, పడనట్టే. ఎంత ముచ్చటపడినా మాట్లాడకుండా వెనక్కి ఇచ్చేయాలి. నమ్మనివాళ్ళు నవ్వుకోండి. శేషారత్నం పుట్టిన తెనాలిలోనూ, కాపురానికొచ్చిన సికింద్రాబాద్‌లోనూ ఆవిడెరిగిన ఆడవాళ్ళంతా అలాగే కొనుక్కున్నారు.

ఆవిడకి మాత్రం రెండుసార్లూ అచ్చిరాలేదు. పెళ్ళయిన పదేళ్ళకి మొదటిసారి రాళ్ళు ఇంటికొచ్చాయి. మూడో రోజున రాణీగంజ్‌లో వాళ్ళ మోటారు పంపుల కొట్లోకి వాననీళ్ళు వచ్చాయి. అంత వాన పడితే రాణీగంజ్‌లోకి నీళ్ళు రాక పాలొస్తాయా? "రాళ్ళు పడలేదు, ఇచ్చేయ్" అంది అత్తగారు. ఇంకో ఏడేళ్ళకి మళ్ళీ తెస్తే, కొడుకు విష్ణుకి ఆటలమ్మ పోసింది. ఆ నెలలో వీధి వీధంతటికీ పోసింది. అయినా అత్తగారు అదే మాట అంది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు మూడోసారి. "ఈసారీ పడకపోతే ఇక ఈ జన్మలో వజ్రాల ఊసెత్తను" అని శేషారత్నం సోమవారంనాడే అందరి ముందూ ప్రకటించి కూర్చుంది.

నాలుగు రోజులుగా ఆ రాళ్ళకి జరుగుతున్న సేవ పసిపిల్లకి కూడా జరగదు. పొద్దున్నే గోరువెచ్చని కుంకుడు రసంలో మెత్తటి బ్రష్షుతో రుద్దడం, మల్లు గుడ్డతో తుడవడం, పోపు పెట్టేటప్పుడు తీసి వెండి గిన్నెలో దాచడం. ఆ తర్వాత కాఫీ వేళకి ఇంట్లో హాజరు పట్టీ.

"రాధికా, నీకేం ఇబ్బంది లేదు కదమ్మా? ఆఫీసులో అంతా బాగేనా?"

"సూపర్, అత్తయ్యా!" అంది కోడలు. అంటూనే స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి బర్రుమని విప్పింది. రెండు రోజులుగా ఆ పిల్ల తెగ స్నానాలు చేస్తోంది.

"విష్ణూ, నువ్వో?"

"బాగున్నా, అమ్మా." విష్ణువర్ధన్ మూతికి మాస్కు. మంగళవారం నుంచీ ఇంట్లో కూడా తియ్యట్లేదు. అడిగితే దుమ్ము పడట్లేదంటాడు. కాఫీ గ్లాసు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"మీరో?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు రామ్మోహనరావు పేపరు వెనకనుంచి.

అందరూ బాగున్నారు. శేషారత్నానికి ప్రాణం కుదుటపడింది. నగల బ్రహ్మచారి పదకొండింటికి వస్తాడు. జనరల్ బజార్ సందులో చిన్న కొట్టు ఆయనది. పేరుకే బ్రహ్మచారి, మనవలు ఐదుగురు. రాళ్ళు పడ్డాయంటే చెక్కు తీసుకెళ్తాడు, లేదంటే రాళ్ళు తీసుకెళ్తాడు.

"ఏవండీ, ఇంకా చాలా టైముంది. కారు తీయండి. స్టేషన్ దగ్గర గణపతి గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకొచ్చేద్దాం."

పేపరు కదల్లేదు. "ఆటోలో వెళ్దాం."

"ఏమిటీ? ఆటోలోనా?"

శేషారత్నం ఆశ్చర్యానికి కారణముంది. పోర్టికోలో అరవై లక్షల జర్మనీ కారుంది. కిందటి దసరాకి కొన్నాడు. రోజూ పొద్దున్న ఆరింటికి దానికి మూడు గుడ్డలతో అభిషేకం. అద్దాలకొకటి, ఒంటికొకటి, చక్రాలకొకటి. గుడ్డలు మారిపోతే ఇంట్లో యుద్ధమే. దానిమీద వేపాకు రాలితే వేపచెట్టునే తిట్టేవాడు. అటువంటి మనిషి మంగళవారం నుంచీ దానికి ముసుగేసి, దగ్గరికి కూడా వెళ్ళట్లేదు. ఆవిడ వజ్రాల ధ్యాసలో పడి గమనించలేదు గానీ, ఇప్పుడు ఒక్కసారిగా తట్టింది.

"అసలు ఆ కవరెందుకు కప్పారు?"

"ఎండకి రంగు పోతుందని."

"పోర్టికోలో ఎండేమిటండీ?"

"మే నెల కదా... ఎండ... అటునుంచి వస్తుంది" అని ఎటో చెయ్యి చూపించాడు. చూపించింది ఉత్తరం దిక్కు.

శేషారత్నం మొహం ఎర్రబడింది. "నాకు అర్థమైందిలెండి. గుడికెళ్ళి కొబ్బరికాయ కొడితే కొనడం ఖాయమైపోతుంది. అది మీకు ఇష్టం లేదు."

"అయ్యో రత్నం, అది కాదు..."

"మరేమిటి? ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం మనది. ఏదైనా నోరు తెరిచి అడిగానా? దసరాకి అంత పెట్టి కారు కొంటే హారతిచ్చి లోపలికి పిలిచాను. దాన్ని తుడిచినంత ప్రేమగా నా మొహం ఏనాడైనా చూశారా? ఇన్నేళ్ళకి నా చెవికి నాలుగు రాళ్ళొస్తున్నాయంటే, ఇవాళ నన్ను ఆటో ఎక్కమంటున్నారు! ఈ కారులో కూర్చోడానికి కూడా పనికిరానా నేను?"

రామ్మోహనరావు ఏదో చెప్పబోయి మింగేశాడు. అటువంటప్పుడు మగవాడు మింగిన మాట ఆడదానికి నేరం ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. శేషారత్నం లేచి చరచరా పోర్టికోలోకి నడిచింది. వెనకాలే ఆయన పరుగెత్తాడు.

"రత్నం, వద్దు! చెప్తే విను!"

ఆవిడ రెండు చేతులతో కవరు పట్టుకుని లాగింది. కారు వెనక ఎడమ మూల లోపలికి సొట్టపోయి ఉంది. దీపం పగిలి సగమే మిగిలింది. డిక్కీ తలుపు మీద మూరెడు పొడుగున గీత.

శేషారత్నం గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో! ఎప్పుడు? ఎలా? మీకేం తగల్లేదు కదా?"

"మంగళవారం. నాకేం కాలేదు. ఆవకాయకి మంచి కాయలు తెద్దామని బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళానా, వెనక్కి తీస్తుంటే కారు కుయ్యి కుయ్యిమని అరిచింది. పక్కవాడిదేమో అనుకున్నా. గేటు స్తంభానికి కొట్టేశా."

"మంగళవారం" అంది శేషారత్నం మెల్లగా. రాళ్ళొచ్చిన రెండో రోజు. అక్కడే నిలబడి కుడి చెవి శీల తిప్పింది, దుద్దు ఊడదీసింది. ఎడమ చెవిదీ తీసి, రెంటినీ గుప్పిట్లో పెట్టుకుంది.

"పడలేదండీ. ఏం చేస్తాం, నా నుదుట రాసిపెట్టి లేదు. ప్రాణం పోకుండా ఇంతటితో పోయింది, అదే పదివేలు."

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు!" అన్నాడు రామ్మోహనరావు. "చెప్తే నువ్వు తీసేస్తావని. ఈ ఐదు రోజులూ గడిచాక చెబుదామనుకున్నా."

శేషారత్నం ఆయన మొహంలోకి చూసింది. వేపాకు రాలితే అన్నం సహించని మనిషి. ఇంత పెద్ద సొట్ట పెట్టుకుని, బాగుచేయడానికి కూడా పంపకుండా, మూడు రోజులు గుండ్రాయిలా ఉన్నానంటూ పేపరు వెనక కూర్చున్నాడు. కానీ దుద్దులు మాత్రం మళ్ళీ పెట్టుకోలేదు. తన ముచ్చట కోసం మొగుడి ప్రాణం పణంగా పెట్టేంత ధైర్యం ఆవిడకి లేదు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు స్కూటర్ ఆగింది. బ్రహ్మచారి చెప్పిన వేళకంటే గంటన్నర ముందొచ్చాడు. స్కూటర్ చప్పుడుకి విష్ణు, రాధిక కూడా హాల్లోకి వచ్చారు. ఆయన సోఫాలో కూర్చుని, వరసగా నలుగురి మొహాలూ చూశాడు.

"ఏందమ్మా, అందరు గిట్లున్నరు? ఏమన్న పరేషానా? జెర మంచినీళ్ళు ఇయ్యుండ్రి మొదలు."

శేషారత్నం దుద్దులు వేసిన వెండి గిన్నె ఆయన ముందు పెట్టింది. "పడలేదు, బ్రహ్మచారి గారూ. తీసుకెళ్ళండి. మంగళవారం ఈయన కారు గుద్దేశారు. నా దగ్గర దాచారు." చెప్పడం పూర్తయ్యేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాన్నదొక్కటే కాదులే" అన్నాడు విష్ణు.

"నువ్వూరుకోరా!" రామ్మోహనరావు కసిరాడు.

"ఎలాగూ ఇచ్చేస్తున్నారు కదా, ఇంకెన్నాళ్ళు మోయమంటారు దీన్ని?" అంటూ విష్ణు మాస్కు లాగేశాడు. పైవరస ముందు పన్ను సగం లేదు. "నాన్న ఆ కవరు కప్పుతుంటే సాయం పట్టాను. రబ్బరు తాడు కొక్కెం ఎగిరొచ్చి ఫట్‌మని తగిలింది."

శేషారత్నం నోరు వెళ్ళబెట్టింది. "నీ పన్ను పోయి మూడు రోజులైందా? మరి ఏం తింటున్నావురా?"

"పెరుగన్నం. గదిలో."

ఎవరికైనా నవ్వొచ్చేదే గానీ, రాధిక మొహం చూసి ఆగారు. ఆ పిల్ల గోడకి ఆనుకుని కిందికి చూస్తోంది.

"నీకేమైందే?" అంది శేషారత్నం భయంగా.

"ప్రమోషన్ రాలేదు, అత్తయ్యా. బుధవారం లిస్టొచ్చింది. నా పేరు లేదు." ముక్కు ఎగబీల్చింది. "రెండేళ్ళు రాత్రనక పగలనక చేశాను. ఏడిస్తే మీకు తెలిసిపోతుందని..."

అప్పుడర్థమైంది శేషారత్నానికి ఆ స్నానాల సంగతి.

శేషారత్నం కాసేపు చీర చెంగు నలిపింది, కుర్చీలో ఇటు కదిలింది, అటు కదిలింది. చివరికి ఎవరి వైపూ చూడకుండా అంది:

"సోమవారం సాయంత్రం దేవుడి దగ్గర దీపం కొండెక్కింది."

"ఆఁ?" అన్నారు అందరూ.

"నూనె నిండా ఉంది. అయినా కొండెక్కింది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. గబగబా మళ్ళీ వెలిగించేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి ఉప్మా కలిపాను."

మొట్టమొదట నవ్వింది రామ్మోహనరావే. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "దొంగా! నువ్వూనా? మా అందరికంటే ముందు మొదలుపెట్టింది నువ్వేనన్నమాట!" విష్ణు సగం పన్నుతో నవ్వాడు. రాధిక ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. శేషారత్నం మాత్రం సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

బ్రహ్మచారి నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "నలభై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న, అమ్మా. చెంబు జారిందని రాళ్ళు వాపస్ ఇచ్చినోళ్ళను చూసిన. బర్రె పాలియ్యలేదని ఇచ్చినోళ్ళను సుత చూసిన. గని అంతా మంచిగనే ఉన్నదని ఇంటిల్లిపాది అబద్ధమాడుడు... గిది నేనెన్నడు చూడలే. గిప్పుడేం చేద్దమంటరు? తీస్కపోమంటరా?"

గిన్నె మీదికి చెయ్యి చాపాడు. శేషారత్నం ఆ చెయ్యి వైపు చూసింది. వాననీళ్ళప్పుడూ ఇలాగే గిన్నె ముందుకి తోసింది. ఆటలమ్మప్పుడూ తోసింది. ఆ రెండుసార్లూ కీడు జరిగిన సంగతి ఆవిడకి పరుగెత్తుకొచ్చి మరీ చెప్పారు ఇంట్లోవాళ్ళు.

"ఆగండి" అంది. గిన్నె వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"అప్పుడూ రాళ్ళు పడకపోవడం కాదండీ" అంది మొగుడితో. "వాన రాదా, జ్వరం రాదా? ఏ ఇంట్లోనైనా వారానికోటి అవుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో నా కోసం ఒక్క అబద్ధమాడేవాళ్ళు లేకపోయారు. అంతే."

రామ్మోహనరావు నవ్వు ఆగిపోయింది. వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"నిజమే, రత్నం. అమ్మ ఇచ్చేయమన్నప్పుడు నీ మొహం చూశాను. వానకీ రాళ్ళకీ ఏమిటమ్మా సంబంధం అని ఒక్క మాట అనాల్సింది. నోరు పెగల్లేదు. రెండోసారీ అంతే. ఆ తప్పు ఇన్నేళ్ళూ నన్ను తింటూనే ఉంది." ఆయన గిన్నెలోంచి ఒక దుద్దు తీశాడు. "ఇటు తిరుగు."

"అందరి ముందూ ఏమిటండీ!"

"తిరుగు అంటున్నానా."

శేషారత్నం మొహం తిప్పింది. ఆయన వంగి, కళ్ళజోడు సవరించుకుని, ఆపసోపాలు పడుతూ శీల బిగించాడు. మొదటిసారి జారిపడితే బ్రహ్మచారి సోఫా కిందనుంచి వెతికిచ్చాడు. రెండో చెవికి వచ్చేసరికి ఆవిడ చెంపలు తడిసిపోయాయి, అయినా తుడుచుకోలేదు.

"చెక్కు రాయండి" అంది. "పడ్డాయి, బ్రహ్మచారి గారూ. ఇంతకంటే బాగా ఎవరికీ పడవు."

తర్వాత లేచి కోడలి దగ్గరికి వెళ్ళింది. రాధిక ఇంకా పెదవి బిగబట్టే నిలబడి ఉంది. రెండు రోజుల అలవాటు కదా, అంత తొందరగా వదలదు. శేషారత్నం ఆ పిల్ల తలని భుజానికి ఆనించుకుని వీపు నిమిరింది.

"ఇప్పుడేడువమ్మా, హాయిగా ఏడువు. రాళ్ళెక్కడికీ పోవులే."