వాన వద్దన్న బొమ్మ

"హజిమెమాష్తె! అశ్విత దెస్!"

ఇంటర్వెల్లో బడి వెనక గోడ దగ్గర నిలబడి, అశ్విత నడుము దాకా వంగి లేచింది. ఎదురుగా ఉన్న ప్రేక్షకులు ఒక్కరే. ఆమె స్నేహితురాలు సుధారాణి.

"నాకే వినపళ్ళా," అంది సుధారాణి జామకాయ కొరుకుతూ. "శనివారం ఆత్మకూరులో అంతమంది ముందర ఎట్టా చెప్తావే? ఇంకా గట్టిగా అను."

"హజిమెమాష్తె!"

"ఆ, ఇప్పుడు బాగుండాది. ఇంతకీ దానికి అర్థం ఏంది?"

"మిమ్మల్ని చూడటం ఇదే మొదలు అని. జపాన్‌లో కొత్తవాళ్ళు కనపడితే అట్టా అంటారు. అశ్విత దెస్ అంటే, నేను అశ్విత అని."

అశ్విత ఏడో తరగతి. ఉదయగిరి దగ్గర ఒక పల్లె బడిలో చదువుతోంది. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ టీచర్" అనడానికి కూడా సిగ్గుపడుతుంది. జపనీస్ మాటలు మాత్రం ఆమె నోట్లోంచి చకచకా వచ్చేస్తాయి.

అవన్నీ అనిమేలు చూసి నేర్చుకున్నవి. సాయంత్రం కాగానే ఇంట్లో ఫోనులో జపాన్ బొమ్మల కథ పెట్టుకుంటుంది. కింద వచ్చే ఇంగ్లీషు చదువుకుంటూ, అందులో పిల్లలు ఏమంటే తనూ అదే అంటుంది. పక్కన అవ్వ రాఘవమ్మ కూర్చుని చూస్తుంది. అవ్వకి ఇంగ్లీషూ రాదు, జపనీసూ రాదు. అయినా అశ్విత కంటే ముందే నవ్వుతుంది.

ఒకరోజు క్లాసులో రేణుకాదేవి టీచర్ చాక్‌పీసు అందిస్తే, అశ్విత అలవాటుగా "అరిగాతో" అనేసింది. క్లాసంతా పకపకా నవ్వింది. టీచర్ మాత్రం అది జపనీసులో థాంక్స్ అని తెలుసుకుని, ఆత్మకూరు పిల్లల మేళాకి అశ్విత పేరు రాసేశారు.

"జపాన్ పిల్లలు ఏం మాట్లాడతారో, ఏం చేస్తారో నువ్వు స్టేజీ మీద చెప్పాలి" అన్నారు.

ఆ రోజు నుంచి అశ్విత కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

గోడ దగ్గర వీళ్ళిద్దరూ మాట్లాడుకుంటుండగా టీచర్ అటుగా వచ్చారు. "మేళా గ్రౌండులో పెడుతున్నారమ్మా. షామియానా తప్ప ఇంకేం లేదు. వాన పడితే మాత్రం క్యాన్సిల్."

అశ్విత గబుక్కున కొండ వైపు తిరిగింది. తలెత్తి చూసింది. ఉదయగిరి కొండ మీద ఒక నల్లమబ్బు కదలకుండా కూర్చుని ఉంది.

"అమ్మో! ఇప్పుడెట్టా?" అంది సుధారాణి.

అశ్విత ఒక్క క్షణం ఆలోచించింది. ఆమె కళ్ళు మెరిశాయి. "నాకు తెలుసు ఏం చెయ్యాల్నో!"

ఇంటికి రాగానే పుస్తకాల సంచి మూలకి విసిరింది. నాయన పాత పంచె నుంచి ఒక ముక్క చించింది. లోపల దూది పెట్టి గుండ్రంగా తల చేసి, మెడ దగ్గర దారం చుట్టింది. స్కెచ్ పెన్నుతో రెండు కళ్ళు, ఒక నవ్వు గీసింది.

అవ్వ చూసి ముక్కు మీద వేలేసుకుంది. "దిష్టిబొమ్మా ఏందిమే? దీన్ని చూస్తే దిష్టి పారిపోదు. ఎత్తుకోని ముద్దు పెట్టుకుంటాది."

"దిష్టిబొమ్మ కాదవ్వా! దీని పేరు తెరు తెరు బోజు. వాన రాకూడదు అనుకుంటే జపాన్ పిల్లలు దీన్ని కట్టుకుంటారు. మొన్న ఫోన్లో చూసినాం గదా!"



అప్పుడే నాయన పెంచలయ్య జీవాలను దొడ్లోకి తోలి వచ్చాడు. జీవాలంటే వాళ్ళ గొర్రెలు. అశ్విత స్టూలెక్కి, వసారా రేకుల కింద ఉన్న కొయ్యకి బొమ్మను కట్టాలని ఎగురుతోంది. చెయ్యి అందడం లేదు.

"ఇదేందిమా?"

"వానని ఆపే బొమ్మ నాయనా! శనివారం దాకా ఒక్క చినుకు గూడా పడకూడదు!"

నాయన బొమ్మ వంక చూశాడు. తర్వాత కొండ మీది మబ్బు వంక చూశాడు.

"నీకు అందదులే, ఇటియ్యి" అని తనే కొయ్యకి కట్టాడు. రెండు ముళ్ళు బిగించాడు. "గాలికి పడకుండా గట్టిగా కట్టినాను. సరేనా?"

"అరిగాతో, నాయనా!"

"ఆ... గాతో. పోమా, నాకు నోరు తిరగదు" అని నాయన నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నానికి కొండ మీది మబ్బు చెదిరిపోయింది. శుక్రవారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అశ్విత బడి నుంచి ఇంటిదాకా గెంతుతూనే వచ్చింది.

వాకిట్లో నాయన, పక్కింటి రమణయ్య మాట్లాడుకుంటున్నారు. నాయన ముందర గొర్రెల దొడ్డికి కట్టే వల, గొంగళి, నీళ్ళ క్యాను సర్ది ఉన్నాయి.

"ఇంక లాభం లేదు పెంచలయ్యా. కుంటలో బురద గూడా ఎండిపాయ. ఆదివారం పొద్దన్నే జీవాల్ని తోలుకోని, నీళ్ళుండే తూర్పు పల్లెలకి పోదాం" అన్నాడు రమణయ్య.

"మళ్ళా వచ్చేసరికి రెండు నెల్లు పడతాది" అన్నాడు నాయన.

అశ్విత గెంతడం ఆగిపోయింది. లోపలికి పరుగెత్తింది.

"అవ్వా, నాయన ఎండాకాలంలో గదా పోయేది?"

"వానలు పడుంటే ఇప్పుడు పోయే పనేముంది మే? గడ్డి లేదు, నీళ్ళు లేవు. జీవాలు ఏం తిని బతుకుతాయి? కొండ మీద మబ్బు చూసి ఆశపడినాడు. అదీ పాయ."

"మరి బొమ్మ ఎందుకు కట్టినాడు నాకు?"

అవ్వ బియ్యం చెరుగుతూనే అంది. "నువ్వడిగినావు గదా."

అశ్విత వసారాలోకి వచ్చింది. బొమ్మ గాలికి ఊగుతూ నవ్వుతోంది. నాయన వేసిన రెండు ముళ్ళూ అట్లాగే ఉన్నాయి. ఆమె స్టూలు లాగి బొమ్మ కిందికి తెచ్చింది.

అవ్వ వెనకే వచ్చింది. "ఆ గుడ్డపీలిక వానని ఆపిందనుకుంటా ఉండావా? నీ పిచ్చి గానీ."

"ఆపలేదులే అవ్వా. కానీ నేను అడిగినాను గదా, రావద్దని."

ఈసారి స్టూలు మీద పీట వేసుకుని ఎక్కింది. అవ్వ కాళ్ళు పట్టుకుంది. ముళ్ళు చాలా గట్టిగా ఉన్నాయి. గోళ్ళు నొప్పి పుట్టాయి. ఎట్లాగో విప్పింది. అనిమేలో చూసిన ఇంకో సంగతి ఆమెకి గుర్తుంది. వాన కావాలంటే అదే బొమ్మను తలకిందులుగా కట్టాలి.

నాయన వచ్చి చూశాడు. "బొమ్మ తిరగబడిందే?"

"లేదు నాయనా. ఇప్పుడే సరిగ్గా కట్టినాను."

"మరి వానొస్తే నీ ప్రోగ్రాం?"

"రానీ."

 నాయన ఆమె తల మీద చెయ్యి వేసి, కాసేపు తియ్యలేదు.

శనివారం పొద్దున ఎండ మండిపోతోంది. అశ్విత బొమ్మను సంచిలో పెట్టుకుని గడప దగ్గర నిలబడింది. "ఇత్తెకిమాస్!"

"అంటే?" అన్నాడు నాయన.

"పోయొస్తా అని."

"మనం అనేదీ అదే గదమే!" అంది అవ్వ. "ఆళ్ళు గూడా 'పోతా' అనరా? మంచోళ్ళే."

ఆత్మకూరు గ్రౌండు పిల్లలతో కిటకిటలాడుతోంది. అశ్విత పేరు పిలిచారు. స్టేజీ ఎక్కి, మైకు ముందర తల వంచుకుని నిలబడింది. ముందు వరసలో సుధారాణి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "గట్టిగా!" అని అరిచింది.

"హజిమెమాష్తె! అశ్విత దెస్!"

మైకులో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతే, భయం ఎటు పోయిందో పోయింది. జపాన్ పిల్లలు తమ క్లాసు తామే ఊడ్చుకుంటారని చెప్పింది. చెప్పులు గడప దగ్గరే విడుస్తారని చెప్పింది. తర్వాత సంచిలోంచి బొమ్మను తీసింది.

"జపాన్‌లో పిల్లలు దీన్ని తల పైకి పెట్టి కడతారు. వాన రావద్దని. నేను గూడా మొదట అట్లాగే కట్టాను" అంటూ బొమ్మను తిప్పి పట్టుకుంది. "కానీ మా ఊళ్ళో ఇట్లా తలకిందులుగానే కట్టాలి. మా నాయన గొర్రెలు మేపుతాడు. గొర్రెలకి గడ్డి కావాలి. గడ్డికి..."

షామియానా ఒక్కసారిగా టపటపా కొట్టుకుంది. చల్లటి గాలి వీచింది. టప్! ఒక పెద్ద చినుకు ఆమె ముక్కు మీద పడింది. మైకు ఆగిపోయింది. అంతలోనే కుండపోత. పిల్లలు కేకలు పెడుతూ పక్కనున్న బడి వరండాల్లోకి పరుగెత్తారు.

అశ్విత స్టేజీ మీదే నిలబడి ఎగురుతోంది. "అమె! అమె!"

"ఎవరే ఆమె? ముందు కిందికి దిగు!" అంది సుధారాణి చెయ్యి లాగుతూ.

"ఆమె కాదే, అమె! వాన!"

వరండాలోకి వచ్చాక అశ్విత మొహంలో నవ్వు ఆగిపోయింది. ఇక్కడ పడితే సరిపోతుందా?

"టీచర్, ఒకసారి మా ఇంటికి ఫోన్ చేస్తారా?"

అవ్వ ఎత్తింది. "అవ్వా! మన కాడ గూడా..."

"ఏందిమే? వినపళ్ళా! రేకుల మీద ఒకటే మోత! గట్టిగా చెప్పు!"

 అశ్విత ఫోను చెవికి గట్టిగా అదుముకుని ఆ మోత వింటూ ఉండిపోయింది.

మేళా క్యాన్సిలయింది. బహుమతులు లేవు. మిగిలిన మాటలు చెప్పనేలేదు. తడిసిన బట్టలతో బస్సు దిగి, బురదలో పరుగెత్తి, గడప దగ్గర చెప్పులు విడిచింది.

"తదైమా!"

నాయన తల తుడుచుకుంటూ చూశాడు. "ఏందిమా అది?" అన్నాడు. వంటింట్లోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఒకాయెరి! ఇంటికొచ్చినాను అంటా ఉండాది బిడ్డ. రా అని పిలవాల. ఆ మాత్రం తెలీదా నీకు?"

"అవ్వా! నీకూ వచ్చా!" అంది అశ్విత. నాయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన వెనక, దొడ్డి వల మళ్ళీ గోడ కొక్కేనికి ఎక్కి ఉంది.

"పోవడం లేదా నాయనా?"

"కుంటలోకి నీళ్ళొచ్చినాయి. ఇంకో రెండు వానలు పడితే గడ్డి గూడా లేస్తాది. అప్పటిదాకా చూస్తాం మా."

అశ్విత సంచిలోంచి తడిసిన బొమ్మను తీసి, స్టూలు లాగింది.

"నీకు అందదులే, ఇటియ్యి" అన్నాడు నాయన. "ఎట్టా కట్టేది? తల పైకా, కిందికా?"

"కిందికి నాయనా! రెండు ముళ్ళు వెయ్యి!"