జమీందారుగారి చీకటి గది

"మీ కెమెరా మా జమీందారుగారి మీద ఎర్రగా కన్నేసిందండీ! రాత్రంతా మంచం కిందనుంచి బయటికే రాలేదు."

తలుపు తీస్తూనే లైబ్రేరియన్ అందుకుంది. కెమెరాలు బిగించే అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

జమీందారంటే ఆమె పెంచుకుంటున్న తెల్ల కుందేలు. ఈ ఇంటికి మారినప్పటినుంచి మనుషుల ముందు మేత ముట్టడం లేదు. చీకట్లోనైనా తింటోందేమో కెమెరా పెట్టి చూడమన్నాడు డాక్టరు. తినకపోతే రేపు ఆస్పత్రిలో ఉంచి గొట్టంతో మేత పట్టాల్సిందే.

"పైగా టిక్కు టిక్కుమని చప్పుడు! దాని చెవులెంతున్నాయో చూశారా?"

"చూశానండీ. మీ కోపంకంటే కాస్త చిన్నవి."

లోపల్నుంచి ఆమె అమ్మమ్మ కిసుక్కున నవ్వింది. లైబ్రేరియన్ పెదవి కొరుక్కుని నవ్వు దాచుకుంది. అతని గుండె ఎగిరి గంతేసింది.

తప్పు తనదేనని అతనికి తెలుసు. చీకట్లో కెమెరా చూపుకోసం నిన్న పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ లైటు చీకట్లో సన్నగా ఎర్రబడేది. ఈసారి ఆ మెరుపు కంటికి ఆనని రకం తెచ్చాడు. దాన్ని కుందేలు మీదికి కాక గోడవైపు తిప్పి బిగించాడు. పగలూ రాత్రీ మారేటప్పుడు కెమెరాలో చిన్న గాజుబిళ్ల కదులుతుంది, ఆ టిక్కు దానిదే. అది కదలకుండా రాత్రి సెట్టింగులోనే ఉంచేశాడు.

"మీరిద్దరూ పక్కగదిలో ఫోన్ చూస్తుండండి. నేనిక్కడే కూర్చుంటాను. ఇప్పుడు లేచి కదిలితే మళ్లీ బెదురుతుంది."

కిటికీలు మూసి దీపం ఆర్పాడు. ఫోన్‌లో గది బూడిదరంగులో తేటగా కనిపించింది. మంచం కింద ఒక ముక్కు అదిరింది.

"జమీందారుగారూ," అతని గుసగుస ఫోన్‌లో వినిపించింది. "కాస్త ముట్టండి. మీరు తినకపోతే ఆవిడా సరిగ్గా తినడం లేదట."

లైబ్రేరియన్ ఉలిక్కిపడింది. కెమెరాలో మైకు ఆన్‌లో ఉంది! పిలిచి చెబుదామని నోరు తెరిచింది. అంతలో కుందేలు ఒక్క గెంతు గెంతి బయటికొచ్చింది.

"నోర్ముయ్యవే," అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వస్తోంది!"

"నిజం చెప్పనా?" అతను కుందేలుతో ఇంకా గుసగుసలాడుతూనే ఉన్నాడు. "నాకివాళ సెలవు. ఇంకొకర్ని పంపిస్తామన్నారు షాపువాళ్లు. నేనే ఎగబడి వచ్చాను. ఆవిడ తిట్టినా సరే, ఇంకాసేపు వినాలనిపించింది."

కుందేలు అతని మోకాలి పక్కనే ఆగి పళ్లెంలోని ఆకు కొరికింది. ఒకటి, ఇంకొకటి. కరకరా నమిలేస్తోంది!

లైబ్రేరియన్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఫోన్ అమ్మమ్మ చేతిలో పెట్టి, పిల్లిలా అడుగులేస్తూ గదిలోకి వెళ్లి, తడుముకుంటూ అతని పక్కన కూర్చుంది.

"మైకు ఆపడం మర్చిపోయారు."

"ఎంతవరకు విన్నారు?"

"జమీందారుగారు విన్నదంతా." ఆమె మోకాళ్లు ముడుచుకుని సర్దుకుంది. "ఈ ఊళ్లో నేనూ కొత్తేనండీ. లైబ్రరీకి ఎందరో వస్తారు, ఎవరితోనూ నోరు విప్పాలనిపించదు. నిన్న మీరు వెళ్లాక మాత్రం, ఇంకో మాట అనుంటే బావుండేదనిపించింది. రేపు రండి. పని లేకపోయినా సరే."

చీకట్లో అతని వేళ్లు ఆమె వేళ్లని వెతుక్కున్నాయి. ఆమె లాక్కోలేదు.

"చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నావులే నాయనా," పక్కగదిలోంచి అమ్మమ్మ కేకేసింది. "మీ వాళ్ల నంబరు మాత్రం ఇచ్చి వెళ్లు. నాకిక్కడ అన్నీ కనిపిస్తున్నాయి!"

ఇద్దరూ అదిరిపడ్డారు. జమీందారుగారు మాత్రం తలెత్తలేదు.