రొట్టె వరస

శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటింది. అక్టోబరు ఆఖరు వారంలో స్టాక్‌హోమ్‌లో రెండు దాటిందంటే పొద్దు వాలినట్టే. పెర్నిల్లా తన పదిహేనేళ్ళ కూతురు హెడ్డాని వెంటేసుకుని, ఆ వారంలో ఐదో మ్యూజియం మెట్లెక్కుతోంది.

"అమ్మా, ఇంకా ఎన్ని కుండపెంకులు చూడాలి నేను?"

"ఇదొక్కటే."

"నిన్నా ఇదొక్కటే అన్నావు. మొన్న ఓడ దగ్గరా ఇదొక్కటే అన్నావు."

పెర్నిల్లా మెట్లెక్కుతూనే ఉంది. ఏం మాట్లాడినా అది గొడవలోకే వెళ్తుందని ఆమెకి తెలుసు. హెడ్డా ఒక వారం తన దగ్గర, ఒక వారం వాళ్ళ నాన్న హోకన్ దగ్గర ఉంటుంది. విడిపోయిన ఆరేళ్ళుగా ఇదే పద్ధతి. పోయిన ఆదివారం అన్నం దగ్గర హెడ్డా తలెత్తకుండా చెప్పింది, "ఇక నాన్న దగ్గరే ఉండిపోతానమ్మా. వారం వారం సంచి సర్దుకోవడం నావల్ల కాదు" అని. పెర్నిల్లా అరవలేదు. ఒక్క వారం ఆగమని బతిమాలింది. బడికి శరత్కాలం సెలవులు కదా, తనూ ఆఫీసుకి సెలవు పెట్టింది. ఇద్దరూ ఊరంతా తిరిగితే పిల్ల మనసు మారుతుందనుకుంది.

సోమవారం వెళ్ళిన మ్యూజియానికి సోమవారమే సెలవు. మంగళవారం బొమ్మల మ్యూజియంలో హెడ్డా ఒక బెంచీ చూసుకుని ఫోను తీసింది, మళ్ళీ తల ఎత్తలేదు. బుధవారం ఓడ మ్యూజియం దగ్గర వానలో గంటసేపు నిలబెట్టారు. గురువారం గురించి చెప్పుకోకపోవడమే నయం. ఇవాళ ఆరింటికి హోకన్ ఇంటికి తీసుకెళ్ళి అప్పజెప్పాలి. మిగిలింది నాలుగు గంటలు.

ఇది చిన్న మ్యూజియం. నీటి ఒడ్డున ఒకప్పటి ధాన్యం గోదాము. కరువు కాలంలో జనం ఎలా బతికారో చూపిస్తారట. కోట్లు వేసుకుని లోపలికి రానివ్వరు, కింద బీరువాల్లో పెట్టి తాళం వేసుకోవాలి. బీరువాకి పది క్రోనాల నాణెం కావాలి.

"నాణెమా?" కౌంటరు దగ్గరున్న అమ్మాయి నవ్వింది. "మా అమ్మమ్మ దగ్గరుంటుందేమో. ఇప్పుడెవరు వాడుతున్నారండీ నాణేలు?"

"మరి బీరువాలు అవే అడుగుతున్నాయి కదా!"

"కొత్తవి వస్తాయి. వచ్చే ఏడు."

పెర్నిల్లాకి ఒళ్ళు మండింది. హెడ్డా తన కోటు విప్పి అమ్మ చేతిలో పడేసింది. లోపల పసుప్పచ్చ స్వెట్టరు.

"నేను పైకెళ్తున్నా. నువ్వు ఆ బీరువాని పెళ్ళి చేసుకుని రా" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పెర్నిల్లా ఇద్దరి కోట్లూ మోసుకుని ఆ మూలకీ ఈ మూలకీ తిరిగింది. చివరికి ఒక ముసలి కాపలాదారు జేబు తడుముకుని అరిగిపోయిన బిళ్ళొకటి ఇచ్చాడు. కోట్లు లోపల పెట్టి, తాళంచెవి లాగుజేబులో వేసుకునేసరికి పావుగంట పోయింది. నాలుగు గంటల్లో పావుగంట.

పైన గదులు పొడుగ్గా, తక్కువ ఎత్తుతో ఉన్నాయి. అడుగు వేస్తే నేల చెక్క మూలిగింది. గాజు పెట్టెల్లో చెట్టు బెరడు, తిరగలి, బెరడు పొడి కలిపి చేసిన నల్లటి రొట్టెలు. ఒక్క మనిషి లేడు. ఒక గది దాటితే ఇంకో గది. తడిసిన ఉన్ని వాసన వేస్తోంది. దాని వెనక ముక్కిపోయిన గింజల వాసన.

ఆఖరి గదిలో జనం కనిపించారు. గోడవారన వరసగా నిలబడి ఉన్నారు, ఓ పదిమంది. మనిషికీ మనిషికీ మధ్య చెయ్యి చాచినంత ఎడం. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. వరస చివర ఒక చిన్న తలుపు. ముందు నుంచి ఆరో మనిషి పసుప్పచ్చ స్వెట్టరు.

గుమ్మం పక్కన గోడకి టోకెన్ చీటీల డబ్బా ఉంది. మందుల షాపులో, బ్యాంకులో, చేపల కొట్టులో ఉండేలాంటిదే. పెర్నిల్లా ఆలోచించకుండానే చెయ్యి చాపి చీటీ లాగింది. ఈ ఊళ్ళో పుట్టిన చెయ్యి అంతే, డబ్బా కనిపిస్తే చీటీ లాగుతుంది. అరవైనాలుగు. వెళ్ళి వరస చివర నిలబడింది.

"హెడ్డా" అని గొంతు తగ్గించి పిలిచింది.

పసుప్పచ్చ స్వెట్టరు కదల్లేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంటుంది.

వెళ్ళి పక్కన నిలబడితే సరిపోయేది. కూతురే కదా. ఆ మాట తర్వాత పెర్నిల్లా ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఒక అడుగు పక్కకి వేసింది కూడా. ముందున్న ఆడమనిషి మెడ కాస్త తిప్పింది. తలకి ముతక గుడ్డ కట్టుకుంది. మొహం సగమే కనిపించింది.

"వరసలో..." అంది మెల్లగా.

పెర్నిల్లాకి చెవులదాకా వేడెక్కింది. వరస దాటి ముందుకెళ్ళే మనిషంటే చిన్నప్పట్నుంచీ అమ్మా నాన్నా ఎంత చులకనగా మాట్లాడేవారో ఆమెకి గుర్తుంది. దొంగనైనా క్షమించేవారు కానీ వరస దాటినవాణ్ణి క్షమించేవారు కాదు. అడుగు వెనక్కి తీసుకుంది.

"క్షమించండి. అది మా అమ్మాయి."

"అందరికీ ఎవరో ఒకరు ముందుంటారు."

సెలవుల్లో పిల్లల కోసం వేషాలు కట్టించి ఉంటారనుకుంది పెర్నిల్లా. వరసలో అందరివీ పాత బట్టలే. చెక్క అడుగుల బూట్లు. ఇంత శ్రద్ధ ఆ బీరువాల మీద పెడితే బాగుండేది.

"ఈ వరస దేనికండీ?"

"రొట్టెకి."

రుచి చూపిస్తారు కాబోలు. పోనీలే, పొద్దుట్నుంచీ హెడ్డా దాల్చినచెక్క బన్ను ఒక్కటే తింది.

తలుపు అవతల నుంచి చెక్క మీద చెక్కతో కొట్టిన చప్పుడు. ఒక్క దెబ్బ. ముందున్న మనిషి లోపలికి వెళ్ళాడు. అందరూ ఒక అడుగు జరిగారు. మళ్ళీ నిశ్శబ్దం. ఎంతసేపో. కిటికీలో నీళ్ళు బూడిద రంగులోకి తిరిగాయి. పెర్నిల్లా కాళ్ళు పీకుతున్నాయి. ఇలాగే ఉంటే ఐదు దాటుతుంది. కూతురితో గడుపుదామని సెలవు పెట్టుకుని, కూతురి వీపు చూస్తూ నిలబడింది.

ఇంకో దెబ్బ. ఇంకో అడుగు. అలా నలుగురు వెళ్ళారు.

అప్పుడు తట్టింది ఆమెకి. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికి రావడం లేదు.

"అటు నుంచి వేరే దారి ఉందాండీ?" అని అడిగింది.

ముందున్న ఆమె గుసగుసగా అంది... "నీకు ఎంతమంది పిల్లలు?"

"ఒక్కతే."

"ఒక్కతే అయితే మంచిది. నాకు ఇద్దరు. ఒక్కరికే ఇచ్చారు."

దెబ్బ.

పసుప్పచ్చ స్వెట్టరు తలుపు దగ్గరికి చేరింది.

"హెడ్డా!" ఈసారి గట్టిగానే అరిచింది పెర్నిల్లా. గదంతా మోగింది. ఒక్క తల తిరగలేదు. హెడ్డా కూడా తిరగలేదు. తలుపు తెరుచుకుంది. లోపల చీకటి. పిల్ల తల వంచుకుని... లోపలికి నడిచింది.

తలుపు మూసుకుంది.

ఇప్పుడు వెళ్ళాలి. తోసుకుని వెళ్ళాలి. మధ్యలో నలుగురే ఉన్నారు. కాళ్ళు మాత్రం వరసలోనే ఉన్నాయి. వంతు... తన వంతు రావాలి. అలా ఎలా నిలబడగలిగిందో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

దెబ్బ. ముగ్గురు.

దెబ్బ. ఇద్దరు.

దెబ్బ. ఒక్కరు.

గదిలో చీకటి పడిపోయింది. ఎవరూ దీపం వేయలేదు.

దెబ్బ.

తలకి గుడ్డ కట్టుకున్న ఆమె వెళ్తూ వెళ్తూ ఒక్కసారి పూర్తిగా వెనక్కి తిరిగింది. నోటి చుట్టూ బెరడు పొడి. కళ్ళు ఉండాల్సిన చోట... పెర్నిల్లా చూపు దించేసుకుంది.

ఇప్పుడు వరసలో తనొక్కతే.

దెబ్బ.

లోపల ఏమీ కనిపించలేదు. చల్లటి అరచెయ్యి ఒకటి ఆమె అరచేతిని తెరిచింది. చీటీ తీసుకుంది. బదులుగా ఏమీ పెట్టలేదు. అంతే... కాళ్ళ కింద మెట్లు తగిలాయి. దిగింది.

కింద బీరువాల గది. బల్బు వెలుగుతోంది. కౌంటరు దగ్గర ఎవరూ లేరు. హెడ్డా నిలబడి ఉంది, తన కోటు వేసుకుని, అమ్మ కోటు చేతి మీద వేసుకుని.

"వచ్చావా అమ్మా."

పెర్నిల్లా పిల్లని గట్టిగా పట్టుకుంది. ఊపిరి ఆడనంత గట్టిగా. ఏడుపు వచ్చింది, తిట్టు వచ్చింది, రెండూ మింగేసింది. తాళంచెవి ఇంకా తన జేబులోనే ఉందన్న సంగతి వీధిలోకి వచ్చాక గాని గమనించలేదు. గమనించీ అడగలేదు. పిల్ల తన చెయ్యి పట్టుకుని నడుస్తోంది. పదేళ్ళు దాటాక హెడ్డా తన చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.

బస్సెక్కి కార్డు పెడితే టికెట్ మిషను కూయలేదు. మళ్ళీ పెట్టింది. కూయలేదు. డ్రైవరు అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఈ ఊళ్ళో డ్రైవర్లు ఏమైనా అంటే కదా ఆశ్చర్యపోవాలి! వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. బస్సు సగం ఖాళీ. తర్వాతి స్టాపులో ఎక్కిన ఒక పెద్దమనిషి అన్ని సీట్లు వదిలేసి సరిగ్గా పెర్నిల్లా సీటు దగ్గరికే వచ్చాడు. వచ్చి, ఆమె ఉందని కూడా చూడకుండా, ఆమె ఒళ్ళో కూర్చోబోయాడు. చప్పున కిటికీ వైపు జరిగింది.

"కళ్ళు కనిపించవా?" అంది. అతను పేపరు విప్పుకున్నాడు.

"ఏం మనుషులో!" అంది కూతురితో.

"వదిలెయ్యమ్మా" అంది హెడ్డా.

హెడ్డా సంచి కోసం ముందు తన ఇంటికే తీసుకొచ్చింది. మెట్ల మీద మూడో అంతస్తు సిగ్బ్రిట్ గారు ఎదురొచ్చింది. పెర్నిల్లా పలకరిస్తే ఆవిడ పలక్కుండా దిగిపోయింది. అందులోనూ కొత్తేం లేదు. పక్కింటివాళ్ళ అడుగుల చప్పుడు ఆగేదాకా తలుపు వెనకే నిలబడి, అప్పుడు బయటికొచ్చే జనం వీళ్ళు. పెర్నిల్లా తనూ అంతే చేస్తుంది.

బూట్లు విప్పి వంటింట్లోకి వెళ్ళారు. హెడ్డా లైటు వెయ్యనివ్వలేదు. కళ్ళు మండుతున్నాయంది. బల్ల దగ్గర కూర్చుని, అడక్కుండానే అంది.

"నేను నాన్న దగ్గరికి వెళ్ళనమ్మా."

"ఏంటి?"

"ఇక్కడే ఉంటాను. నీ దగ్గరే. ఎప్పటికీ."

వారమంతా ఈ మాట కోసమే కదా తిరిగింది. కాళ్ళు పడిపోయేలా, నోరు కుట్టుకుని, ఈ ఒక్క మాట కోసమే. పెర్నిల్లాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. పెదవులకి ఉన్ని వాసన తగిలింది. తడిసి, ఆరని ఉన్ని.

"నిజంగానా తల్లీ?"

"నువ్వే కదా ఒక్కతే అన్నావు."

పెర్నిల్లా పిల్ల నుదుటి మీంచి మొహం ఎత్తింది. ఆ మాట తను ఎవరితో అందో... అప్పుడు హెడ్డా అక్కడ... నలుగురి అవతల ఉంది. చెవుల్లో పాటలు పెట్టుకుని.

"నాన్నకి చెప్పాలి" అంది పెర్నిల్లా. "ఆరు దాటింది. కంగారు పడతాడు."

"చెప్పొద్దులే."

"ఒక్క మాట చెప్పి వస్తా."

హాల్లోకి వచ్చింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మూడోసారి మోగింది. అవతల గిన్నెల చప్పుడు, వేగుతున్న మాంసం చిటపటలు. శుక్రవారం కదా, వాళ్ళింట్లో టాకోలు, మాంసం పెట్టిన రొట్టెలు, చేసుకుంటారు.

"హలో."

"హోకన్, నేనే. ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. హెడ్డా ఇవాళ రాదు. ఇక్కడే ఉంటానంటోంది. నాకు ఏదో... నువ్వొకసారి రాగలవా? ఇప్పుడే?"

అవతల ఊపిరి మాత్రం వినిపించింది.

"హోకన్?"

"ఎవరండీ మీరు?" అన్నాడతను. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"నేను. పెర్నిల్లాని."

"పెర్నిల్లా ఇక్కడే ఉందండీ. నా ఎదురుగా టమాటాలు కోస్తోంది. హెడ్డా పక్కనే ఉంది. దయచేసి..."

వెనక ఎవరో నవ్వారు. హెడ్డా. ఆ నవ్వు ఎక్కడున్నా పోల్చుకోగలదు. ఆ వెంటనే ఇంకో గొంతు, కాస్త బొంగురుగా, దగ్గరికొస్తూ... రోజూ తన నోట్లోంచి వచ్చే గొంతే.

"పెట్టెయ్ హోకన్. ప్రతి శుక్రవారం ఇదే వేళకి ఫోను చేస్తుంది, పాపం."